తీర రైతు సాగు ఎప్పుడు మారుస్తాడు?

వాతావరణం మారుతోందని చెప్పినంత మాత్రాన ఎవరూ సాగు మార్చరు. కొత్తది తన చేనికీ, బజారుకూ సరిపోతేనే మారుస్తారు.

మార్టేరు పరిశోధనా కేంద్రం స్వర్ణ వరిని 1982లో విడుదల చేసింది. కోస్తాతోపాటు ఛత్తీస్‌గఢ్ రైతులూ దాన్ని ఆదరించారు. కానీ పైరు రోజుల తరబడి పూర్తిగా మునిగితే కుళ్లిపోతుంది. 2009లో వచ్చిన స్వర్ణ సబ్-1 సుమారు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. గింజా, యాజమాన్యమూ దాదాపు పాతవే కనుక రైతుకు జంకు తక్కువ. అయితే ఈ రక్షణ పైరు ఎదిగే దశలోనే. కోతవేళ తుఫానుకు పనికిరాదు.

సముద్రానికి దూరాన, రాయపూర్ దగ్గరి అభన్‌పూర్‌లో వానలు ముందే ఆగిపోతే నష్టం. అక్కడి మెట్ట మళ్లకు సుమారు 120 రోజుల ఎం.టి.యు. 1010 నప్పుతుంది.

కాబట్టి విత్తనం కొనేముందు మీ పొలానికి ఏ బెడద, ఏ దశలో వస్తుందో చూసుకోండి. పక్క చేనులో పండిందో లేదో అడగండి.