చేతిసంచి లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలలో సాధారణముగా విద్యను గూర్చియో, విజ్ఞానమును గూర్చియో ప్రసంగములు జరుగును. నేటి ప్రసంగవిషయము మిగుల చిన్న వస్తువు. అది అంగడికి పోవు మనుష్యుని చేతిలోని సంచి. వస్తువు చిన్నదే గాని దాని లెక్క పెద్దది. ఆ లెక్కను సరిగా వ్రాసినచో ఈ కాలపు మనుష్యుడు వస్తువును కొను తీరు, వాడు తీరు, పారవేయు తీరు మూడును బయటపడును.

ఒకప్పుడు అంగడికి ఉత్త చేతులతో పోవు అలవాటు లేదు. బియ్యమునకు గోనెసంచి, కూరలకు గుడ్డసంచి, నూనెకు సీసా, మజ్జిగకు ముంత ఇంటినుండియే బయలుదేరెడివి. ఉప్పు పప్పులు కాగితపు పొట్లములలో వచ్చెడివి. ఆ పొట్లమునకు కట్టిన పురికొసను సైతము ఉండగా చుట్టి గూటిలో దాచెడివారు. ఇది లేమి వలన కలిగిన అలవాటని కొందరందురు. కొంత లేమియు కలదు, దానిని మరుగుపరుపవలసిన పని లేదు. కాని లేమితోపాటు ఒక మర్యాదయు అందు ఉండెను. చేతికి వచ్చిన వస్తువును దాని ఆయువు తీరువరకు కాపాడుట గృహస్థుని బాధ్యత అనునదియే ఆ మర్యాద.

నేడు ఉత్త చేతులతో పోయి నాలుగు సంచులతో తిరిగివచ్చుట ఆచారమైనది. కొత్తిమీర కట్టకొక సంచి, పెరుగు ప్యాకెట్టునకొక సంచి, ఈ రెండు సంచులను మోయుటకు మరియొక సంచి! ఐదువందల గడపలు గల గ్రామమును ఒక దానిని ఉదాహరణముగా గ్రహింపుడు. గడపకు దినమునకు రెండు సంచుల చొప్పున దినమునకు 1,000. సంవత్సరమునకు 3,65,000. ఒక్కొక్క సంచి పనిచేయు కాలము అంగడినుండి ఇల్లు చేరుటకు పట్టు పావుగంట. పిమ్మట అది నేలలో పడియుండు కాలము తరములు. పావుగంట కొలువునకు తరముల పింఛను ఇచ్చు దివాణము ఏ దేశమునందైనను కలదా?

ఈ సంచి పుట్టుక వినదగినది. పాలిథీన్ అను పదార్థము 1933లో ఇంగ్లండునందలి ఒక రసాయన సంస్థ ప్రయోగశాలలో అనుకొనకుండ బయటపడెను. స్వీడన్ దేశపు ఇంజనీరు స్టెన్ గుస్టాఫ్ థులీన్ దానితో పిడులు గల తేలికైన సంచిని రూపొందింపగా 1965లో అమెరికాలో దానికి పేటెంటు లభించెను. కాగితపు సంచుల కొరకు చెట్లు కూలుచున్నవని తలచియే తన తండ్రి ఈ సంచిని కల్పించెననియు, మరల మరల వాడవలెననునదియే ఆయన ఉద్దేశమనియు, ఆయన స్వయముగ నొక సంచిని మడిచి జేబులో ఉంచుకొని తిరుగుచుండెడివాడనియు ఆయన కుమారుడు తరువాతి కాలమున తెలిపియున్నాడు. దీనినిబట్టి ఒక సంగతి స్పష్టమగుచున్నది. చెట్లను కాపాడుటకు పుట్టిన వస్తువే చెరువులకు శత్రువైనది. కల్పించినవాడు పదిమారులు వాడవలెనని తలచెను, కొన్నవారు ఒకమారు వాడి పారవేసిరి. దోషము మొదట వస్తువునందు పుట్టలేదు, వాడుకయందు పుట్టినది.

ఆ వాడుకయు తనంతట తాను రాలేదు. 1955లో అమెరికా దేశపు ‘లైఫ్’ పత్రిక వాడి పారవేయు జీవనమును గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. పళ్లెములు, గిన్నెలు, గ్లాసులు గాలిలోనికి ఎగురవేయుచున్న కుటుంబము యొక్క చిత్రమును అందు ముద్రించిరి. కడుగు శ్రమ తప్పినదని ఆనాటి సంతోషము. 1950లో ప్రపంచమున తయారైన ప్లాస్టిక్కు సుమారు 20 లక్షల టన్నులు. 2019 నాటికి అది సుమారు 46 కోట్ల టన్నులయ్యెను. వాడి పారవేసిన దానిలో మరల కరగించి ఉపయోగమునకు తెచ్చుచున్నది నూటికి తొమ్మిది పాళ్లు మాత్రమే.

ఈ అంకెలు చూచునప్పుడు భారతమునందలి యయాతి చరిత్ర స్మరణకు రాకమానదు. యయాతి తన ముసలితనమును కుమారుడైన పూరునకిచ్చి, అతని యౌవనమును తాను తీసికొని వేయి సంవత్సరములు భోగములనుభవించెను. అంతయు అనుభవించిన పిమ్మట అతనికి తెలిసినది ఒక్కటే. అనుభవించుటచేత కోరిక తీరదు, పెరుగును. తండ్రి భోగమునకై కుమారుని వయస్సును అప్పు తెచ్చుకొనుట ఆనాడు ఒక్క యయాతియే చేసెను. నేలను, నీటిని బిడ్డల వంతునుండి తీసి వాడుకొను నేటి తరమువారందరును ఆ పనియే చేయుచున్నారు. భేదమొక్కటే. పూరుడు అంగీకరించి ఇచ్చెను, నేటి బిడ్డలను అడిగినవారు లేరు.

ఆ యయాతి కుమారుడైన యదువునకే ఒక అవధూత తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పినట్లు భాగవతము ఏకాదశస్కంధమున కలదు. ఆ గురువులలో తేనెటీగ యొకటి. పువ్వునకు నొప్పి కలుగకుండ కొంచెము కొంచెముగా గ్రహించుట దానివలన నేర్చిన పాఠము. కూడబెట్టినది పరులపాలగుట మరియొక పాఠము. శాకుంతలమునందు శకుంతల మొక్కలకు నీరు పోయక తాను త్రాగదు, అలంకారములయందు ప్రీతి కలదియైనను చిగురు త్రుంపదు. కావున మితముగా గ్రహించుట అను భావము పరదేశమునుండి దిగుమతి చేసికొనవలసిన సరకు కాదు. ఇంటిలోని పెట్టెలో ఉన్నదే, తాళము తీయవలసియున్నది.

ఇక అసలు లెక్కకు వత్తము. సంచి ఉచితమని అంగడివాడనును. చిట్టాలో ఖర్చు వ్రాయనంత మాత్రమున ఖర్చు లేనట్లు కాదు, మరియొకరి పేర బాకీ పడినట్లు. ఆ బాకీని తీర్చువారెవరు? మురుగుకాలువలో చేయి పెట్టి సంచులను లాగు పారిశుద్ధ్య కార్మికురాలు తీర్చుచున్నది. తూమునకు చెత్త అడ్డుపడగా కడపటి చేనికి నీరందని రైతు తీర్చుచున్నాడు. ఎంగిలి వాసనకు సంచితోపాటు మ్రింగిన పశువు తీర్చుచున్నది. పశువు కడుపులో పాలిథీన్ జీర్ణము కాదు. ముద్దలై పొట్టను నింపివేయును. కడుపు నిండినట్లే ఉండును, పశువు మాత్రము చిక్కిపోవును. కొన్నవాడొకడు, కట్టువాడొకడు! ఇట్టి లెక్కను ఏ తనిఖీదారుడు ఒప్పుకొనును?

పూర్వులు ఈ విషయమున ఉదాసీనులు కారు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వీథిలో చెత్త పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదనీరు నిలువజేసినవానికి నాలుగవ వంతును దండనగా విధించెను. చెత్త చేసినవాడే ఖర్చు భరింపవలెనను సూత్రము ఇందు కలదు.

ఈ కాలమున ఆ సూత్రమును చక్కగా అమలుపరచిన దేశము ఐర్లండు. 2002 మార్చి 4వ తేదీనుండి అచట ప్రతి ప్లాస్టిక్కు సంచికిని 15 సెంట్ల సుంకము విధింపబడెను. అంతకు పూర్వము మనిషికి సంవత్సరమునకు సుమారు 328 సంచులు వాడుచుండిరి. సుంకము వచ్చిన పిమ్మట ఆ సంఖ్య సుమారు 21కి దిగెను. వాడుక మరల మెల్లగా పెరుగుట గమనించి 2007లో సుంకమును 22 సెంట్లకు పెంచిరి. ఆ సొమ్ము భారమైనందున కాదు, సంచిని అడుగునప్పుడు ఒక్క క్షణము ఆలోచింపవలసి వచ్చినందున ఆ మార్పు కలిగెను. ఆ ఒక్క క్షణమే ముఖ్యము.

బంగ్లాదేశము వేరొక పాఠము చెప్పుచున్నది. 1988, 1998 సంవత్సరముల వరదలలో సంచులు కాలువలను మూసివేసిన అనుభవముతో ఆ దేశము 2002లో పలుచని పాలిథీన్ సంచులను నిషేధించెను. జాతీయ స్థాయిలో అట్లు చేసిన మొదటి దేశము అదియే. కాని అమలు సడలగా సంచులు మరల బజారునకు వచ్చినవి. 2024లో మరల నిషేధమును గట్టిపరుపవలసి వచ్చెను. భారతదేశమునందును 2022 జులై 1వ తేదీనుండి ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగు ఒకమారు వాడి పారవేయు వస్తువులు కొన్ని నిషేధింపబడినవి. అదే సంవత్సరము డిసెంబరు 31వ తేదీనుండి 120 మైక్రాన్ల కంటె పలుచని సంచులు కూడదని నియమమేర్పడెను. అయినను సంతలలో పలుచని సంచి కనబడుచునే యున్నది. అమ్మువాడు దాచి ఇచ్చును, కొనువాడు చూచి పుచ్చుకొనును. కొనువాని బుద్ధి మారనిచో శాసనము కాగితము మీదనే నిలుచును.

ఇచట ఒక పొరపాటు మార్గమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. ప్లాస్టిక్కు సంచి చెడ్డదనగానే పది క్రొత్త గుడ్డసంచులు కొనుటకు బయలుదేరువారు కలరు. పత్తి పండుటకు నీరు, ఎరువు, పురుగుమందు కావలెను. 2011లో ఇంగ్లండు పర్యావరణ సంస్థ వేసిన లెక్క ప్రకారము, భూమి వేడెక్కుట అను ఒక్క విషయమున, నూలుసంచి ఒకమారు వాడిన పలుచని ప్లాస్టిక్కు సంచితో సమానము కావలెనన్న దానిని 131 మారులు వాడవలెను. సభలలో సన్మానముగా ఇచ్చిన సంచులను బీరువాలో పేర్చుకొనుట భూమికి ఉపకారము కాదు. అన్నిటికంటె మేలైన సంచి ఇప్పటికే ఇంటిలో ఉన్న సంచి. పాత లుంగీతోనో, చిరిగిన పరుపు గలీబుతోనో కుట్టినదైన మరియు మేలు. కావలసిన మార్పు ఒక సరకును మాని మరియొక సరకును కొనుట కాదు, ఉన్నదానిని కొనసాగించుట.

మరియొక న్యాయము పాటింపవలెను. దినకూలి చేసికొను ఇల్లాలు ఒక రూపాయి, రెండు రూపాయల పొట్లములలో సబ్బుపొడియు, తలంటు ద్రవమును కొనును. ఆ పొట్లములు పొరలు పొరలుగా అతికినవగుటచే కరగించి వాడుట కష్టము. అయినను ఆమెను నిందించుట తగదు. పెద్ద సీసాకు ఒకమారుగా పెట్టుటకు ఆమె చేత సొమ్ము లేదు. అంగడిలో విడిగా కొలిచి అమ్ము ఏర్పాటున్నచో ఆమె సీసా తెచ్చుకొనును. తెచ్చుకొను అలవాటు ఆమెకు క్రొత్తది కాదు. పాఠము మొదట కలిగినవారికే చెప్పవలెను.

విందుల సంగతి ఇంకను పెద్దది. మూడువందల మంది భోజనమునకు పళ్లెమొకటి, గ్లాసొకటి చొప్పున 600 వస్తువులు ఒక్క పూటలో దిబ్బకు చేరును. ఏటికి ఇరువది శుభకార్యములైన 12,000. ఒకప్పుడు మోదుగాకు, అడ్డాకు, అరటియాకు విస్తళ్లలో భోజనము జరిగెడిది. విస్తరి పశువునకో, పెంటకో, పెంటనుండి పొలమునకో చేరెడిది. ప్లాస్టిక్కు పళ్లెము ఎందులకు వచ్చెనని విచారించినచో ఒక నిజము తేలును. అంట్లు తోమువారు లేరు. తోముట ఆడువారి వంతనియు, తినుట అందరి వంతనియు సాగిన ఏర్పాటులో వారు అలసినందున అది వచ్చెను. కావున పాత్రలు మరల రావలెనన్నచో ఆ శ్రమను మగవారును పంచుకొనవలెను, లేదా తోమినవారికి తగిన కూలి ఈయవలెను. దీనిని విడిచి పాత మర్యాదలను పొగడుట ఒట్టి మాట.

తెలంగాణమున సిద్దిపేట జిల్లా గ్రామములలో స్టీలు బ్యాంకులను పేర పళ్లెములను, గ్లాసులను, గిన్నెలను సమకూర్చి శుభకార్యములకు ఇచ్చు ఏర్పాటు జరిగినది. కార్యము కాగానే కడిగి తిరిగి అప్పగింతురు. ఇది వినగానే గ్రంథాలయ చందాదారులకు పరిచయమైన పద్ధతియే అని తోచును గదా!

నిజమునకు వస్తువును పోషించు విద్యను గ్రామమునకు నేర్పినది గ్రంథాలయమే. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు ఊరూర నాటిన ఉద్యమపు సారము ఇదియే. గ్రంథమొకటి, చదువరులు నూరుగురు. ప్రతివాడును కొననక్కరలేదు, ప్రతివాడును చదువవచ్చును. తీసికొన్నవాని పేరు పుస్తకములో వ్రాయబడును. గడువు కలదు. మించిన జరిమానా కలదు. అట్ట ఊడినచో పారవేయరు, కుట్టించి మరల అట్ట కట్టింతురు. తనది కాని గ్రంథమును తనదానికంటె భద్రముగా చూచుట చదువరి నేర్చెను. పుటను మడువరాదని పెద్దలు బిడ్డలకు చెప్పిరి. పుస్తకము విషయమున ఇంత మర్యాద నేర్చిన గ్రామమునకు పళ్లెము విషయమున, సంచి విషయమున నేర్చుట అసాధ్యమా?

కావున రజతోత్సవ సంవత్సరమున కార్యవర్గమువారు ఆలోచించుటకు మూడు సూచనలు. మొదటిది, గ్రంథాలయమున పాత్రల చిట్టా యొకటి తెరచి, చందాలతో మూడువందల పళ్లెములను, గ్లాసులను సమకూర్చి, గడువు, జరిమానా నియమములతో శుభకార్యములకిచ్చుట. తోముటకగు కూలిని ముందుగానే కట్టించుకొనుట. రెండవది, గ్రంథములు తీసికొనుటకు వచ్చువారు ఇంటిలోని గుడ్డసంచితో వచ్చుట. మరచిపోయిన వారికొరకు పాత గుడ్డలతో కుట్టిన పది సంచులను మేకునకు తగిలించి, గ్రంథములవలెనే అప్పుగా ఇచ్చుట. మూడవది, ఒక నోటుపుస్తకము పెట్టి, ఇష్టపడిన కుటుంబములు నెలకు తాము తెచ్చిన సంచుల సంఖ్యను దానిలో వ్రాయుట. లెక్క వ్రాయుట మొదలిడినవాని ఖర్చు తగ్గుట లోకమున అందరెరిగినదే.

ఇవి పెద్ద పనులు కావు. సొమ్మును ఎక్కువ కోరవు. సముద్రములలోని చెత్తనంతయు ఒక గ్రామము తీయజాలదు. కాని తన చెరువు తూమును తాను మూయకుండ ఉండగలదు, తన పశువునకు తాను విషము పెట్టకుండ ఉండగలదు, తన బిడ్డల పేర బాకీ వ్రాయకుండ ఉండగలదు. గ్రంథాలయ స్వర్ణోత్సవమునాడు ఈ సంపుటమును విప్పు పాఠకులు నేటి బిడ్డలే. వారి చేతికి అప్పుపత్రము గాక చెల్లుచీటి అందునట్లు చేయుట పెద్దల వంతు. మొదటి జమ రేపటి అంగడి ప్రయాణమున ఇంటినుండి వెంట తీసికొనిపోవు ఒక్క సంచి.

స్వస్తి.