డ్రిల్లు పీరియడు ఎండ, డి విటమిన్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మిట్టమధ్యాహ్నం గ్రౌండులో నిలబెట్టినందుకు డ్రిల్లు మాస్టారిని నేను తిట్టుకోని రోజు లేదు. ముప్పై ఏళ్లు డాక్టరుగా పనిచేశాక ఇవాళ క్షమాపణ చెప్పుకుంటున్నాను మాస్టారూ. ఒంట్లో డి విటమిన్ తయారయ్యేది ఆ ఎండలోనే. అందరూ మంచిదనుకునే పొద్దుటి నీరెండలో పెద్దగా తయారవదు.

ఈ విటమిన్ ఎముకలకు కావాలని సైన్సు క్లాసులో చదువుకున్నాం. రోగనిరోధక శక్తికీ కావాలన్నది తర్వాతి మాట. క్షయ క్రిమిని మింగిన రక్షక కణం డి విటమిన్ సాయంతో ఆ క్రిమిని చంపే పదార్థాన్ని తయారు చేసుకుంటుందని 2006లో తేలింది. హెచ్ఐవి ఉన్నవారిని ఎక్కువగా బలి తీసుకునేది క్షయే. పైగా డి విటమిన్ తక్కువ ఉన్నవారిలో జబ్బు త్వరగా ముదురుతున్నట్టు కనిపించింది. ఇంకేం, విటమిన్ ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని మాలాంటివాళ్లం ఆశపడ్డాం.

ఆ ఆశను టాంజానియాలో పరీక్షకు పెట్టారు. హెచ్ఐవి మందులు అప్పుడే మొదలుపెట్టిన, డి విటమిన్ తక్కువగా ఉన్న 4,000 మందిని తీసుకుని, సగం మందికి ఏడాదిపాటు విటమిన్, మిగతావారికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. 2020లో ఫలితం వచ్చింది. మరణాల్లో గానీ, క్షయ రావడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. విటమిన్ తగ్గి జబ్బు ముదరడం కాక, జబ్బు వల్లనే విటమిన్ తగ్గుతూ ఉండవచ్చు. ఎఫావిరెంజ్ అనే పాత హెచ్ఐవి మందు కూడా దాన్ని తగ్గిస్తుంది.

ఇది పండగ సభలో చెప్పే విషయమా అని మీకు అనిపించవచ్చు. నా తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. కుట్టుపని చేసుకునే ఒకావిడ నా దగ్గరకు వచ్చేది. ఆమె వాడే టెనోఫోవిర్ ఎముకలను కొంత పలచబరుస్తుంది. అందుకని వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి రాశాను. రాస్తూ రాస్తూ, "ఇమ్యూనిటీకి కూడా మంచిదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటే ఆమె పట్టుకుంది.

ఏడు నెలలకు దగ్గుతో, సగం మనిషై వచ్చింది. హెచ్ఐవి మాత్రలు మానేసి పొడి మాత్రం తాగుతోంది. కోప్పడ్డాను. ఆమె తల వంచుకుని, "మాత్రల డబ్బా చూస్తే అత్తగారు అడుగుతుంది డాక్టరుగారూ. ఈ పొడి అందరిళ్లలోనూ ఉండేదే కదా, ఎవరూ ఏమీ అనరు" అంది.

నాకు నోట మాట రాలేదు. క్షయకు వైద్యం చేసి, పాత మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. వేరే సీసాలో పోసి, కుట్టుమిషను సొరుగులో దాచుకునేది. కోలుకుంది. ఇద్దరు పిల్లల్నీ బడికి పంపుతోంది.

ఇప్పటికీ ఆ పొడి రాస్తూనే ఉన్నాను. ఎందుకని అడిగితే మాత్రం, ఎముకలకు అని చెప్పి ఊరుకుంటాను.