బ్యాటరీ పంపు మూలబడితే



హయత్‌నగర్ చుట్టుపట్ల ఇళ్ళ ప్లాట్లు ఎంత పెరిగినా, అబ్దుల్లాపూర్‌మెట్ వైపూ ఆపైనా ఆకుకూరలూ, టమాటా, వంగా పండించి, తెల్లవారేసరికి సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లకు చేర్చేవారు ఇంకా ఉన్నారు. అరెకరమో, ఎకరమో గల ఈ కూరగాయల రైతు ఇంట్లో నేడు బ్యాటరీ పంపు లేకపోవడం అరుదు. మునుపటి చేతిపంపుకు ఒక చేత్తో పిడి కొడుతూ, రెండో చేత్తో మందు చల్లవలసి వచ్చేది. సాయంత్రానికి భుజం లేచేది కాదు. ఇప్పుడు మీట నొక్కితే చాలు. కొమ్మలు కత్తిరించే బ్యాటరీ కత్తెరలూ, చేతి రంపాలూ, బోల్టులు బిగించే డ్రిల్లులూ కూడా వచ్చినవి. సుఖమే గాని, దీనితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. యంత్రం నిక్షేపంగా ఉంటుంది, బ్యాటరీ మాత్రం చచ్చి కూర్చుంటుంది. వంగకు కాయతొలుచు పురుగు పట్టిన వారంలోనే ఈ పని జరుగుతుంది మరి!

బ్యాటరీ చప్పున ఆగిపోతే అదొక మేలు. నెమ్మదిగా చస్తేనే నష్టం. పంపులో ఒత్తిడి తగ్గి, మంచులా పడవలసిన మందు చినుకులుగా పడుతుంది. ఒక సాలులో ఎక్కువ, పక్క సాలులో తక్కువ. ఏ మందు, ఎంత మోతాదు అనే సంగతి హయత్‌నగర్‌లోనే ఉన్న కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ వారి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చును. కాని వారు చెప్పిన మోతాదు ఆకు మీదికి చేరడం మీ వీపున ఉన్న బ్యాటరీ పని.

కాబట్టి మొదట ఒక అలవాటు చేసుకోండి. పంపు కొత్తగా కొన్నప్పుడే ఒక చార్జికి ఎన్ని డబ్బాలు కొట్టిందో గోడ మీదనైనా సరే రాసి పెట్టండి. పదిహేను డబ్బాలు కొట్టిన పంపు ఏడెనిమిదికే మూలిగితే, అప్పుడు వెతకడం మొదలుపెట్టాలి. వెతికేటప్పుడు కూడా తొందరపడి బ్యాటరీ మీద నింద వేయకూడదు. ట్యాంకు అడుగున కారిన మందునీళ్ళకు తీగల కొసలు చిలుము పడతాయి. ఫ్యూజు పోతుంది. చార్జరు తీగ లోపల తెగి, పైకి బాగానే కనబడుతుంది. చేతులకు తొడుగులు వేసుకొని, పంపును కడిగి, ఆరబెట్టి, ముందు ఇవన్నీ చూడవలెను. సగం పంపులకు రోగం ఇక్కడే తేలుతుందని నేననను గాని, ఇక్కడ తేలినవారికి ఖర్చు పది నిమిషాలే.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు బ్యాటరీ. మీ పంపులో ఉన్నది ఏ జాతిదో తెలుసుకోవాలి. రెండు కిలోలకు పైగా తూగే నల్లని ఇటుకలాంటిది ఉంటే అది సీసపు బ్యాటరీ, 12 వోల్టులది. దానిలో రెండేసి వోల్టుల గదులు ఆరు ఉంటాయి. నిండుగా చార్జి చేసి, తీగలు ఊడదీసి, ఒక పూట ఆగి మల్టీమీటరుతో చూడండి. 12.7 దగ్గర ఉండవలసినది 10.5 దగ్గర నిలిచిపోతే ఒక గది చచ్చినట్లే. ఆ గదిని మార్చే వీలు లేదు, మొత్తం ఒకే పెట్టెగా మూసివేసి ఉంటుంది. పాతది ఇచ్చి, కొత్తది తెచ్చుకోవడమే. సీసానికి ధర ఉన్నది గనుక పాతదాన్ని ఉత్తపుణ్యానికి వదలకండి.

చేతికి తేలికగా ఉంటే అది లిథియం బ్యాటరీ. అసలు చర్చ దీని గురించే. ఈ తీగలేని పనిముట్లు కొత్తవేమీ కావు. 1961లోనే అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ వారు బ్యాటరీ డ్రిల్లును తెచ్చారు. అప్పట్లో నికెలు, కాడ్మియం సెల్లులు. 1991లో జపాను సోనీ కంపెనీ లిథియం అయాన్ సెల్లును బజారుకు తెచ్చిన తరువాత బరువు తగ్గి, బలం పెరిగింది. ఆ విద్యకు పునాది వేసిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

లిథియం బ్యాటరీ పెట్టె విప్పితే లోపల బొటనవేలంత సెల్లులు కనబడతాయి. చాలా వాటిలో 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కొక్కటి సుమారు 3.6 వోల్టులు, నిండుగా చార్జి అయితే 4.2. మూడింటిని వరుసగా కలిపితే 12 వోల్టుల పంపు బ్యాటరీ. అయిదింటిని కలిపితే 18 వోల్టుల డ్రిల్లుది. దానినే నిండు చార్జి లెక్కన 21 వోల్టులని అమ్ముతారు. అంకె పెద్దదని మురిసి ఎక్కువ పెట్టకండి, సెల్లులు అయిదే.

వరుసగా కలపడమంటే, బావి నుంచి మడిదాకా మనుషులు బారుగా నిలబడి కుండలు అందించినట్లు. ఆ బారులో ఒక్కడు నీరసించినా మిగతావారి బలం అక్కరకు రాదు, పని వాడి దగ్గరే ఆగుతుంది. బ్యాటరీ "చచ్చింది" అన్నప్పుడు సాధారణంగా జరిగేది ఇదే. అయిదింటిలో నాలుగు 3.8 వోల్టులు చూపుతుంటే, ఒక్కటి ఒకటిన్నర దగ్గరో, సున్నా దగ్గరో ఉంటుంది. కాపలాగా పెట్టిన సర్క్యూటు బోర్డు అది చూసి మొత్తం కట్టేస్తుంది.

"ఒక్కటే చచ్చింది గదా! అదొక్కటే మారిస్తే చాలదా?" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ముసలి ఎద్దుకు జతగా కోడెను కాడికి కడితే ఏమవుతుందో మీకు తెలుసు. మూడేళ్ళు పనిచేసిన నాలుగు సెల్లుల మధ్య కొత్తదాన్ని పెడితే, ఆ పాతవాటిలో ఒకటి ముందుగా ఖాళీ అవుతుంది, ముందుగా నిండుతుంది కూడా. నాలుగు నెలలకో, ఆరు నెలలకో మళ్ళీ అదే పెట్టె, అదే ఖర్చు. అందుచేత బ్యాటరీ పాతబడినదైతే అన్ని సెల్లులూ ఒకేసారి మార్చండి. ఒకే కంపెనీ, ఒకే నమూనా, వీలైతే ఒకే పెట్టెలోవి. బిగించే ముందు అన్నిటి వోల్టేజీ దాదాపు సమానంగా ఉండాలి. బ్యాటరీ కొని కొద్ది నెలలే అయి, ఒక సెల్లు అకాలంగా పోయినట్లయితే దాని ఒక్కదానినే మార్చడం తప్పు కాదు. కాని అప్పుడు మొదట గ్యారంటీ కాగితం వెతకండి, అది ఉండగా స్క్రూ విప్పితే హక్కు పోతుంది.

చచ్చిన సెల్లును ఎలాగో బతికిద్దామని పక్క బ్యాటరీ నుంచి తీగ తగిలించి "షాకు" ఇచ్చేవారున్నారు. ఈ పని చేయకండి. రెండు వోల్టుల కిందికి దిగి చాలాకాలం పడి ఉన్న లిథియం సెల్లులో లోపలి రాగి కరిగి, తిరిగి చార్జి చేసినప్పుడు ఎక్కడంటే అక్కడ పేరుకుంటుంది. లోలోపల షార్టు అవుతుంది. అప్పటికి బాగైనట్లే ఉంటుంది. ఆ రాత్రి పడక పక్కన చార్జింగు పెట్టి పడుకుంటారు, పిల్లలు పక్కనే ఉంటారు. ఉబ్బినదానిని, తియ్యని ఘాటు వాసన కొట్టేదానిని, గట్టి దెబ్బ తిన్నదానిని కూడా ముట్టుకోనే కూడదు. ఎప్పుడైనా సరే, చార్జింగు మెలకువగా ఉన్నప్పుడు, గడ్డీ గోనెలూ లేని బండల మీద పెట్టండి. పొగ వస్తే మొదట మెయిను కట్టేయండి, మనుషులను బయటికి పంపండి. ఆ పొగ విషం. చిన్న బ్యాటరీ ఆరుబయట ఉంటే దూరం నుంచి నీళ్ళు దండిగా పోయవచ్చును. చల్లబడినట్లు కనబడినా మళ్ళీ రాజుకోగలదు కాబట్టి ఇంట్లోకి తేవద్దు.

ఇక సెల్లులు ఎక్కడ కొనాలి? కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామానుకు పేరుపడ్డ చోటు. హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, చాదర్‌ఘాట్ మీదుగా బస్సులో పోవచ్చును. అంగడికి పోయేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన సెల్లులు పనిముట్లకు పనికిరావు. వాటిలో నిలువ ఎక్కువే గాని ధార సన్నం. డ్రిల్లు, రంపం ఒక్కసారిగా 15, 20 ఆంపియర్లు గుంజుతాయి, ఆ సెల్లు వేడెక్కిపోతుంది. "పనిముట్లకు వేసే, ఎక్కువ కరెంటు ఇచ్చే సెల్లు" అని స్పష్టంగా అడగండి. మందు పంపు అంత గుంజదు, దానికి కొంత వెసులుబాటు ఉన్నది. రెండవది మోసం. ఈ సైజు సెల్లులో 3500 మిల్లీ ఆంపియర్ అవర్ల నిలువ అంటే దాదాపు ఆఖరు మెట్టు. ఆ చుట్టుకాగితం మీద 9900 అని ఉంటే అది పచ్చి అబద్ధం, ఇంకో మాట లేదు. అనుమానముంటే తూచండి. మంచి సెల్లు సుమారు 45 గ్రాములు తూగుతుంది. ముప్ఫైకి దిగితే లోపల సరుకు లేనట్లే. తాలు గింజలను చేత్తో ఎగరవేసి పట్టేవారికి ఈ పరీక్ష నేను నేర్పనక్కరలేదు.

బిగించే పని గురించి నా అభిప్రాయం ఇది: కొలవడం మీరు చేయండి, అతికించడం చేయి తిరిగినవారికి వదలండి. సెల్లులను నికెలు పట్టీలతో స్పాట్ వెల్డింగు చేస్తారు, క్షణంలో అంటుకొని వేడి లోపలికి పోదు. ఇంట్లో ఉన్న టంకపు కడ్డీని సెల్లు నెత్తిన ఆనించి పట్టుకుంటే లోపలి పొరా, మూతా చెడిపోతాయి. దుకాణంలో నిలబడి చూడండి. అతను ఉంగరం, కడియం తీసి పనిచేస్తున్నాడా? పట్టీలను ఒక్కొక్కటిగా కత్తిరించి, కొసలకు టేపు అంటిస్తున్నాడా? ప్రతి సెల్లు నుంచి బోర్డుకు పోయే సన్నతీగలను ఏవి ఎక్కడివో గుర్తు రాసుకున్నాడా? ఆ తీగలు తారుమారైతే బోర్డు కాలిపోతుంది. "బోర్డు ఎందుకండీ, తీసేస్తే ఎక్కువసేపు వస్తుంది" అంటే మాత్రం మీ బ్యాటరీ మీరు తీసుకొని వచ్చేయండి. కొన్ని కంపెనీల బోర్డులు ఒకసారి తాళం వేసుకుంటే సెల్లులు మార్చినా తెరుచుకోవు. అటువంటి తాళం పడ్డదా అని సెల్లులు కొనకముందే అడగడం మంచిది.

సీసపు బ్యాటరీ తీసేసి, దాని చోట తేలికైన లిథియం బ్యాటరీ పెట్టుకున్నవారు చార్జరును కూడా మార్చి తీరాలి. సీసపు చార్జరు 14 వోల్టుల పైదాకా పోతుంది. మూడు సెల్లుల లిథియం బ్యాటరీకి 12.6 దగ్గర ఆగాలి. చిన్న మూతి సరిపోయిందని గుచ్చేస్తే, అడ్డుకునేది ఆ చిన్న బోర్డు ఒక్కటే. అది నాసిరకందైతే అదీ లేదు. పాత చార్జరు తీగకు ఎర్రగుడ్డ కట్టి వేరే ఊచకు తగిలించండి, లేదా సీసపు బ్యాటరీ కొన్నవారికి ఇచ్చేయండి.

పని లేని నెలల్లో దాచే పద్ధతి కూడా రెండు జాతులకూ రెండు రకాలు. సీసపుదాన్ని నిండు కడుపుతో ఉంచి నెలకొకసారి చార్జి చేయాలి. లిథియందాన్ని సగం కడుపుతో, పంపులోంచి తీసి, ఇంట్లో చల్లని చోట ఉంచాలి. వైశాఖ జ్యేష్ఠాల్లో రేకుల షెడ్డులో వదిలితే ఏడాది ఆయుష్షు అక్కడే పోతుంది.

తీసేసిన లిథియం సెల్లుల కొసలకు టేపు అంటించి, మట్టికుండలోనో గాజుసీసాలోనో పొడిగా ఉంచండి. చెత్తబండిలో వేస్తే నలిగి అంటుకుంటాయి, పెంటకుప్పలో వేస్తే పొలంలోకే వస్తాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుల మీద ఉన్నది. కొత్త సెల్లులు కొన్న దుకాణంలోనే పాతవి తీసుకుంటారా అని బేరానికి ముందే అడగండి.