పొలంలో ఎత్తుపల్లాలు, మూలలు, వంపులు కొలుచుకొనే విధము



"నీరు పల్లమెరుగు" అన్న సామెత మీ అందరికీ తెలిసినదే. నీటికి పల్లము తెలుసును. కాని మన కంటికి తెలుస్తుందా? ఈనాడు మీతో మాట్లాడదలచిన విషయము ఇదే.

మన కోనసీమకు ఒక వైపు గౌతమి, ఒక వైపు వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రము. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా, చూపు ఆనినంత మేర నేల బల్ల పరచినట్లు కనిపిస్తుంది. ఇటువంటి చోట అడుగు ఎత్తంటే గొప్ప ఎత్తే. అరడుగు పల్లమంటే గొప్ప పల్లమే. ఊడ్చిన పది రోజులకు వాన పట్టి ఆ అరడుగు పల్లంలో నీరు నిలిస్తే, పాతిన మొక్క కుళ్లిపోతుంది. మళ్ళీ ఆకుమడి, మళ్ళీ కూలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చు పెరగడంతో పాటు మురుగు దిగకపోవడం కూడా అందుకు ఒక కారణము. పెద్ద డ్రెయిన్లలో పూడిక తీయించడం ప్రభుత్వం పని. కాని మన చేనినుండి డ్రెయిను దాకా వెళ్ళే బోదె మన చేతిలోని పని. అది సరిగా వున్నదో లేదో తెలుసుకొనేందుకు కొలత ఒక్కటే దారి.

మన డెల్టా అంతా కొలత మీద నిలిచినదే. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి పూర్తి చేయించాడు. వీణెం వీరన్న గారు ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచారు. అక్కడ నీటి మట్టం పెంచినందువల్లనే కాలువ నీరు పొలాలకు తనంత తాను పారుతున్నది. గన్నవరం దగ్గర కాలువ వైనతేయ నది మీదుగా అక్విడక్టులో దాటి అవతలి లంకకు చేరుతుంది. తర్వాతి కాలంలో అక్కడ కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మట్టము లెక్క తప్పితే అటువంటి కట్టడం కట్టీ ప్రయోజనం లేదు. పెద్ద కాలువకు వర్తించే సూత్రమే మీ చేలోని బోదెకూ వర్తిస్తుంది.

ఎత్తుపల్లాలు తెలుసుకొనుట

ఒక్క మడిలో ఎత్తుపల్లాలు మీకు చెప్పవలసిన పని లేదు. దమ్ము చేసేటప్పుడు నీరే చూపిస్తుంది. గట్టు దాటి నాలుగు చేల అవతల వున్న డ్రెయిను మన నేలకంటే ఎంత పల్లమో చెప్పమంటేనే కన్ను మోసం చేస్తుంది. గట్ల ఎత్తు, కొబ్బరి చెట్ల వరుస చూచి నేల వాలు ఇటే అనుకొంటాము. అది నిజం కాకపోవచ్చును.

ఇంజనీర్లు దీనికి దుర్భిణి వున్న లెవెలు యంత్రం వాడతారు. మీకు తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టం చాలును. అర అంగుళం బోలుగల, లోపలి నీరు కనిపించే ప్లాస్టిక్ గొట్టం 30 మీటర్లు తీసుకోండి. అయిదడుగుల వెదురు కర్రలు రెండింటికి అడుగునుండి పైదాకా అంగుళాల గుర్తులు పెట్టి, గొట్టం కొసలు రెండింటిని వాటికి కట్టండి. గొట్టంలో నీరు నింపి గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా పోనివ్వండి. మొదట రెండు కర్రలనూ చదునైన అరుగుమీద పక్కపక్కన నిలిపి చూడండి. రెండింటిలోనూ నీరు ఒకే గుర్తు దగ్గర నిలిస్తే కొలత ఆరంభించవచ్చును. కర్రలు కదిలించేటప్పుడు కొసలు వేలితో మూయాలి. కొలిచేటప్పుడు రెండూ తెరవాలి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఏ కర్రలో నీరు ఎక్కువ అంగుళం మీద నిలిచిందో ఆ చోటు పల్లము. తక్కువ అంగుళం మీద నిలిచినది మెరక. చాలామంది దీనిని తలక్రిందులుగా అర్థం చేసుకొంటారు.

ఉదాహరణకు, ఎగువ చేను అన్నగారిది, దిగువ చేను తమ్మునిది అనుకొందాము. అన్న తన చేనినుండి డ్రెయిను దాకా ఆరంగుళాల లోతున ఒకే తీరుగా బోదె తవ్వించాడు. నీరు కదలలేదు. తమ్ముడు దిగువన అడ్డు కట్టాడేమోనని అన్నకు అనుమానం. అన్న నీరంతా తన మీదకే తోస్తున్నాడని తమ్మునికి కోపం. మాట పెరిగింది. అప్పుడు 80 అడుగులకు ఒక మేకు చొప్పున అయిదు మేకులు పాతి, వరుసగా గొట్టంతో కొలిచారు. మొదటి మేకునుండి రెండవ దానికి నేల 4 అంగుళాలు దిగింది. అక్కడినుండి మూడవ దానికి 6 అంగుళాలు ఎక్కింది. తరువాత 7 అంగుళాలు, ఆపైన 3 అంగుళాలు దిగింది. మొత్తం మీద 8 అంగుళాల పల్లం వున్నమాట నిజమే. కాని నడుమ ఒక మెరక వున్నది.

మొదటి మేకు దగ్గర నేల మట్టాన్ని 100 అంగుళాలని లెక్క పెట్టుకొంటే మిగిలినవి 96, 102, 95, 92 అవుతాయి. అంతటా ఆరంగుళాలు తవ్వితే మూడవ మేకు దగ్గర బోదె అడుగు 96. రెండవ మేకు దగ్గర నేలే 96. అంటే అక్కడ నీరు నేల అంచు దాకా నిలిచిన తరువాత గాని మెరక దాటి ఒక్క చుక్క ముందుకు పోదు. తప్పు అన్నదీ కాదు, తమ్మునిదీ కాదు.

బోదె అడుగు మేకు మేకుకూ 2 అంగుళాలు దిగేటట్లు, అంటే 94, 92, 90, 88, 86గా వుంచితే తవ్వవలసిన లోతు ఇట్లా వస్తుంది:

మొదటి మేకు దగ్గర 6 అంగుళాలు
రెండవ మేకు దగ్గర 4 అంగుళాలు
మూడవ మేకు దగ్గర 12 అంగుళాలు
నాలుగవ మేకు దగ్గర 7 అంగుళాలు
అయిదవ మేకు దగ్గర 6 అంగుళాలు

నేల మట్టంలోనుండి అడుగు మట్టం తీసివేయడమే ఈ లెక్క. లోతు చోటు చోటుకూ మారుతుంది. మారనిది వాలు మాత్రమే.

బోదె డ్రెయినులో కలిసే చోట మరొక జాగ్రత్త అవసరం. డ్రెయిను నిండుగా వున్న రోజున నీటి అంచు దగ్గర ఒక గుర్తు పెట్టి, బోదె అడుగు దానికన్న ఎంత పైన వున్నదో కొలవండి. తక్కువైతే నీరు ఎదురు తన్నుతుంది. అల్లవరం, ఉప్పలగుప్తం, మలికిపురం వంటి తీరపు మండలాలలో సముద్రపు పోటు కూడా డ్రెయినులోకి ఎక్కుతుంది. పోటు రోజుకు రెండు సార్లు వస్తుంది. ఈనాటి వేళకంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకు, పున్నమికి బలంగా వుంటుంది. కనుక అక్కడ పోటు వేళ ఒకసారి, పాటు వేళ ఒకసారి కొలిచి, అవసరమైతే తూముకు తలుపు పెట్టుకోవలెను. లేనిచో ఉప్పునీరు వరికీ, కొబ్బరికీ చేటు తెస్తుంది.

మూల సరిచూచుకొనుట

గట్టు వేసేటప్పుడు, కొబ్బరి మొక్కలు నాటేటప్పుడు మూల సరిగా రావాలి. ఒక మూల ఒక్క డిగ్రీ తప్పితే 100 అడుగులు పోయేసరికి గీత సుమారు 21 అంగుళాలు పక్కకు పోతుంది. మేస్త్రీ మూలమట్టం చిన్నది, పొలానికి చాలదు. ఒక తాడు మీద 9 అడుగులు, 12 అడుగులు, 15 అడుగుల దూరాన ముడులు వేసి, మూడు కొసలూ కలిసేటట్లు ముక్కోణంగా లాగండి. 9, 12 కలిసే మూల సరియైన లంబకోణం. 25 అడుగుల ఎడంతో చదరంగా నాటితే ఎకరాకు సుమారు 70 కొబ్బరి మొక్కలు పడతాయి. మూల తప్పితే చివరి వరుస పక్కవాని గట్టెక్కుతుంది.

వంపు కొలుచుట

ఏటి ఒడ్డున, డ్రెయిను మలుపున చేను అంచు తిన్నగా వుండదు. అక్కడ సర్వేయరు చేసే పనే మీరూ చేయవచ్చును. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. వంపుకు లోపలగా ఒక తాడు తిన్నగా లాగి, 20 లింకులకొక చోట తాడునుండి అంచుకు లంబంగా కొలవండి. ఆరు చోట్ల 0, 10, 16, 14, 8, 0 లింకులు వచ్చినవనుకొందాము. నడిమి నాలుగూ కలిపితే 48. మొదటి, చివరి కొలతలలో సగం కలపాలి. ఇక్కడ అవి సున్నలే. 48ని 20తో హెచ్చిస్తే 960 చదరపు లింకులు. కంటికి చిన్నదిగా కనిపించిన ఆ వంపు దాదాపు ఒక సెంటు నేల. ఏటా వరదల తరువాత ఇట్లే కొలిచి వ్రాసుకొంటే, లంక భూమి ఎంత కోసుకొనిపోయిందో లెక్క మీ వద్ద వుంటుంది.

చివరిగా ఒక హెచ్చరిక. ఈ కొలతలు మీ సేద్యానికి మాత్రమే. సరిహద్దు తగవు వస్తే సర్వే రాయి కదపరాదు. గ్రామ సర్వేయరు చేత రికార్డు ప్రకారం కొలిపించుకోవలెను. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలు అందుకొనే రోవర్లతో భూముల రీసర్వే ఆరంభమైంది. అది సరిహద్దు తేల్చేందుకు ఉద్దేశించినది. మీ బోదె వాలు మీరే చూచుకోవలెను.

ఈసారి దాళ్వా కోతలు కాగానే, నేల ఆరి వున్నప్పుడు, ఇరుగుపొరుగు రైతులు నలుగురూ కలిసి ఒక గొట్టం, రెండు కర్రలు పట్టుకొని డ్రెయిను దాకా నడవండి. ఒక పూట పని. అంకెలు ఒక కాగితం మీద వ్రాసి అందరూ చూడండి. పార పట్టేది ఆ తరువాతనే. సార్వా వానలు పడినప్పుడు మీ చేలోని నీరు తన దారిన తాను పోవుగాక!