నగరములో ఏడు దినములు – మన ఊరి వేదిక

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ సమావేశములలో సాధారణముగా చర్చకు వచ్చునవి త్రాగునీరు, మురుగు కాలువలు, వీధి దీపములు, ఇంటిపన్ను. వానిని విడిచి నేడు మేము నాటకమును గూర్చి మాట్లాడుటకు నిలుచుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. ప్రచారశాఖ వారికి వేరు పని లేదు కాబోలునని ఒకరిద్దరు నవ్వుకొన్నను మాకు కోపము లేదు. నాటకము కూడ మీ ఊరి బావి వంటిదే, పూడిక తీయనిచో ఎండిపోవును అని ఈ ప్రసంగము ముగియులోగా మీకు తోచినచో మా శ్రమ ఫలించినట్లే.

నంది నాటకోత్సవములను గురించి మీరు వినియుందురు. 1998లో మొదలైన ఈ ప్రభుత్వ నాటక పోటీలు అప్పటినుండి వేర్వేరు నగరములలో జరుగుచు వచ్చినవి. 2023 డిసెంబరు 23వ తేదీ నుండి 29వ తేదీ వరకు, ఏడు దినములు, గుంటూరు నగరమున శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరములో ఇవి జరిగినవి. పోటీకి వచ్చిన వానిలో ఎంపికయైన 38 ప్రదర్శనలను ఆ వారములో ప్రజలు చూచిరి. అనగా దినమునకు సగటున అయిదారు ప్రదర్శనలన్నమాట. పద్య నాటకము, సాంఘిక నాటకము, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాల విద్యార్థుల నాటిక అని అయిదు విభాగములు. నాటకమనగా పెద్దది, నాటిక యనగా సుమారొక గంటలో ముగియు చిన్నది. గెలుపొందిన వారికి బంగారు, వెండి, కాంస్య నందులు ఇచ్చుట ఆచారము.

ఆ వారములో కొంత కాలమును మేమును ఆ మందిరములో గడపితిమి. ఒక నాటకము ముగిసి తెర పడగానే ఒక రాజసభ క్షణములలో మాయమై, దాని స్థానమున మట్టిగోడల పేద ఇల్లు వెలసెడిది. తెర వెనుక ఒక మూల కిరీటము దించి ప్రక్కన పెట్టుకొని ఇడ్లీ తినుచున్న శ్రీకృష్ణుడు. మరియొక మూల సంభాషణలు మరచిపోకుండ కన్నులు మూసి వల్లించుకొనుచున్న బాలిక. ముందు వరుసలలో న్యాయనిర్ణేతలు. వారి వెనుక నగరవాసులు. ఆ వెనుక, బస్సు దిగి నేరుగా వచ్చిన పల్లెవారు, తువ్వాలు భుజముపై వేసికొని, చేతిసంచి ఒడిలో పెట్టుకొని.

పద్య నాటకము జరుగునప్పుడు ఆ వెనుక వరుసలను చూడవలయును. హార్మోనియము శ్రుతి పట్టగానే సద్దు మణగును. నటుడు పద్యమెత్తుకొని చివరి పాదమును రాగములో సాగదీయునప్పుడు, వాని ఊపిరితో పాటు వీరి ఊపిరియు ఆగును. పద్యము దిగగానే చప్పట్లు. వెనుకటి దినములలో ‘వన్స్ మోర్’ అని కేక వేసి అదే పద్యమును మరల రెండు మూడు మారులు పాడించుకొనెడివారు. పోటీలలో కాలపరిమితి యుండుట చేత నేడు అది కుదరదు. అయినను పెద్దవారి పెదవులు నటునితో పాటు కదలుచునే యుండును. హరిశ్చంద్రుని కాటి సీను, రాయబారపు పద్యములు వారికి కంఠపాఠములు. బడికి పోని వారు సయితము భారత కథను, ధర్మసూక్ష్మమును నేర్చినది ఈ నాటకముల వలననే.

తెర వెనుక ఆ కృష్ణ వేషధారితో మేము మాట్లాడితిమి. ఆయన ఒక పల్లెలో బడిపంతులు. అర్జునుడు కౌలు రైతు. హార్మోనిస్టు చిన్న కిరాణా దుకాణము నడపుకొనువాడు. మూడు నెలలు సాయంకాలములందు ఒక ధాన్యపు గోదాములో అభ్యాసము చేసితిమని చెప్పిరి. ఊరిలో ఈ నాటకమును ఎంతమంది చూచినారని అడిగితిమి. పంతులుగారు కొంచెము సేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, మా ఊరిలో ఇంకను ఆడలేదండి, ఆడుటకు చోటు లేదు అనిరి.

సభ్యులారా, ఆ వారములో మేము చూచిన ప్రదర్శనలలో కొన్నింటి పేర్లు మరచిపోయినాము. ఈ ఒక్క మాట మాత్రము మరువలేదు. ఊరి కళాకారుడు నగరములో మెప్పు పొందుచున్నాడు. సొంత ఊరిలో వానికి నిలుచుటకు పది అడుగుల తావు లేదు.

నిజమునకు నగరములలో చప్పట్లు అందుకొనుచున్న మన కళలలో గొప్పవి పల్లెలో పుట్టినవే. కడప జిల్లాలోని సురభి గ్రామమునే తీసికొనుడు. తోలుబొమ్మలాట ఆడుకొను కుటుంబములలో పుట్టిన వనారస గోవిందరావుగారు 1885లో ఆ ఊరిలో ‘కీచకవధ’ను ఆడిరి. ఆ ఊరి పేరే వారి సమాజమునకు పేరయ్యెను. స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచున్న ఆ కాలమున సురభి వారి ఆడపడుచులు రంగస్థలమెక్కిరి. తాతలు, తండ్రులు, కోడండ్రు, మనుమలు అందరును ఒకే వేదికపై నటించిరి. ఆ వంశమువారి నాటకములు 2013లో ఫ్రాన్సు దేశము వరకు వెళ్లినవి. ఒక పల్లె పేరు సముద్రములు దాటినది నాటకము వలననే గదా!

ఇక నృత్యము. కృష్ణాజిల్లాలోని కూచిపూడి గ్రామమును ప్రపంచమంతయు ఎరుగును. సిద్ధేంద్రయోగి భామాకలాపమును ఆ ఊరి పిల్లలకు నేర్పెననియు, గోల్కొండ నవాబు తానీషా ఆ కళను చూచి సంతసించి గ్రామమును అగ్రహారముగా ఇచ్చెననియు పెద్దలు చెప్పుదురు. ఆ ఊరిలో 1929లో పుట్టిన వెంపటి చినసత్యముగారు మద్రాసు నగరమునకు పోయి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, దేశదేశముల బాలికలకు ఆ నృత్యము నేర్పిరి. ఆ ఊరివారే యైన వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషము కట్టినచో, ఆ వేషములోనున్నది పురుషుడని ప్రేక్షకులు మరచిపోయెడివారు.

మన కళలో నాటకము, నృత్యము, సంగీతము మూడు వేర్వేరు వస్తువులు కావు. భామాకలాపములో సత్యభామ మాట్లాడును, పాడును, ఆడును. వీధి భాగవతములోను, యక్షగానములోను అంతే. నగరములో నాటకమునకు ఒక మందిరము, నృత్యమునకు ఒక మందిరము, పాటకచ్చేరికి ఒక మందిరము ఏర్పడినవి. పల్లెలో మూటికిని ఒకటే అరుగు చాలును. అందుచేత పల్లె వేదికను నిలుపుట ఒక కళను కాదు, మూడు కళలను నిలుపుటయే.

గుంటూరు సీమకు ఈ ఉత్సవము కొత్త కాదు. ఆ సీమలోని తెనాలి పట్టణముననే 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు వెలసినది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు స్త్రీ పాత్రలు ధరించి తెలుగువారిని మైమరపించి, 1956లో పద్మశ్రీ బిరుదమును పొందిరి. ఇంతటి వారసత్వమున్న సీమలో కూడ ఒక బడిపంతులు గోదాములో బస్తాల నడుమ పద్యము పాడుకొనవలసి వచ్చెనన్నచో, ఇతర ప్రాంతముల మాట చెప్పనేల?

అనేక గ్రామములలో రామాలయము ప్రక్కన నాటకములకై పూర్వులు కట్టిన అరుగులు నేటికిని ఉన్నవి. మేము పర్యటించిన ఒక ఊరిలో ఆ అరుగు మీద ఎరువుల బస్తాలు. మరియొక ఊరిలో విరిగిన ట్రాక్టరు తొట్టి. తిరునాళ్లకు చందాలు లక్షలలో వసూలగుచున్నవి. గుండెలదరు పెట్టెల మోతకే ఆ ధనములో పెద్ద భాగము చెల్లుచున్నది. ఆ రాత్రి ఊరి ముసలివారు తలుపులు మూసికొని పడుకొనుచున్నారు. ఒకప్పుడు ఆ రాత్రియే వారు చాపలు పట్టుకొని అందరికంటె ముందు వచ్చి కూర్చుండెడివారు.

ఇతరుల తప్పులను చెప్పుచున్నాము గనుక మా తప్పును కూడ చెప్పవలయును. ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక ఊరికి బుర్రకథ దళమును పిలిపించితిమి. పారిశుద్ధ్యమును గురించి మేమే నాలుగు పుటలు వ్రాసి కథకుని చేతికిచ్చి, ఉన్నది ఉన్నట్లు చదువుమంటిమి. అది కథ కాదు, తాళము వేసిన నోటీసు. అరగంటలో సగము జనము లేచిపోయిరి. కథకుడు మావైపు ఒకసారి చూచి, కాగితము మడిచి, తంబుర సవరించి, తనకు వచ్చిన వీరగాథను ఎత్తుకొనెను. పోయిన జనము మరల వచ్చిరి. నడుమ వంత పాడు హాస్యగాని చేత, చేతులు కడుగుకొనని పెండ్లికొడుకును గురించి రెండు మాటలు అనిపించెను. ఊరంతయు నవ్వెను. ఆ రెండు మాటలు మా నాలుగు పుటల కంటె ఎక్కువ పని చేసినవి. కళాకారుని మైకుగా వాడుకొనరాదు, కళాకారునిగానే గౌరవించవలయునని ఆ రాత్రి మేము నేర్చితిమి.

త్రాగుటకు నీరు లేని చోట నాటకమేల అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నీటికి కేటాయించిన ధనమును నాటకమునకు మళ్లింపుడని మేము చెప్పము. కాని ఒక మాట ఆలోచింపుడు. ఆడపిల్లలను ముసలివారికి అమ్ముకొను దురాచారము నోటీసులతో కదలలేదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున ప్రదర్శింపబడినప్పుడు, జనము నవ్వుచునే తమ ముఖములను తాము చూచుకొనిరి. అంతకుముందే 1880లో కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తమ విద్యార్థుల చేత నాటకము ఆడించిరి. సంస్కరణకు వారు నమ్మిన సాధనములలో నాటకము ఒకటి. మూడు నెలలు కలిసి అభ్యాసము చేసిన పదిమంది యువకులు కులమేదైనను ఒకే పాత్రలో నీరు త్రాగుదురు. ఊరి చెరువు పూడిక తీయు నాడు కలిసి పార పట్టువారును వారే యగుదురు.

ఇది మీ అధికారములో లేనిదియు కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు గలవు. అందులో 20వది గ్రంథాలయములు. 21వది సాంస్కృతిక కార్యకలాపములు. 22వది సంతలు, తిరునాళ్లు. రోడ్లును, త్రాగునీరును చెప్పిన పట్టికయే నాటకమును కూడ చెప్పుచున్నది. కావున ఈ క్రింది పనులను మీ ముందుంచుచున్నాము.

మొదటిది: రాబోవు గ్రామసభలో మీ ఊరి కళాకారుల పట్టిక వ్రాయింపుడు. హార్మోనియము, మృదంగము, డోలు వాయించువారు, పద్యము పాడువారు, కోలాటము, చెక్కభజన, వీధి భాగవతము తెలిసినవారు, చీరలపై కుట్టుపని చేసి వేషములు కుట్టగలవారు – అందరి పేర్లు. మీరు అనుకొన్నదానికంటె ఆ పట్టిక పెద్దదగును.

రెండవది: పాత అరుగుపై బస్తాలను తొలగింపుడు. క్రొత్తగా కట్టదలచినచో మూడడుగుల ఎత్తు చాలును. ప్రేక్షకులు నేలమీద కూర్చుండినను నటుని పాదములు కనబడవలయును. వెనుక రెండు చిన్న గదులు, అందొకటి స్త్రీలకు, మరుగుదొడ్డితో సహా, తప్పక యుండవలయును. ఈ వసతి లేకనే చాల ఊళ్లకు నటీమణులు రాజాలకున్నారు. విద్యుత్ తీగలను పనివానిచేత పరీక్ష చేయింపనిదే దీపము వేయరాదు.

మూడవది: తిరునాళ్లలో ఒక్క రాత్రిని ఊరి సమాజమునకు విడువుడు. వారు తడబడినను ఓర్చుకొనుడు. రెండవ ఏట తడబాటు తగ్గును.

నాలుగవది: బయటి దళమును పిలిచినప్పుడు ఒప్పుకొన్న పైకమును ఆ రాత్రియే, భోజనము పెట్టి, చేతికిండు. దశరథ మహారాజు వేషము కట్టిన వానిని తెల్లవారి మన గడపలో చేయి చాచి నిలువబెట్టుట ఊరికి మర్యాద కాదు.

అయిదవది: బడిపిల్లలచేత ఏటికొక నాటిక ఆడింపుడు. ఏప్రిల్ 16వ తేదీ కందుకూరివారి జయంతి. దానిని తెలుగు నాటక రంగ దినోత్సవముగా జరుపుచున్నారు. ఆ దినముకంటె తగిన దినము వేరొకటి లేదు. సెలవులకు ముందే అభ్యాసము మొదలిడుడు.

నగరములో జరిగిన ఆ ఏడు దినములు ముగిసినవి. తెరలు మడిచిరి, లారీలు బయలుదేరినవి, మందిరమునకు తాళము పడినది. అది తప్పు కాదు, ఉత్సవమునకు ముగింపు ఉండనే ఉండును. కాని ఆ లారీలు ఎక్కడికి పోయినవి? మీ ఊళ్లకే. ఆ కిరీటములు, ఆ హార్మోనియములు ఇప్పుడు మీ వీధులలోనే ఏదో ఒక ఇంటి అటక మీద ఉన్నవి. వానిని మరల క్రిందికి దింపవలసినవారు మీరే.

ఆ పంతులుగారి వంటివారు మీ ఊరిలోను ఉండవచ్చును. ఇంటికి పోగానే వారెవరో విచారింపుడు. వారి నాటకము సొంత ఊరిలో తొలిసారి ఆడు నాడు మాకొక కబురు పంపుడు. మాకు ముందు వరుసలో కుర్చీ వేయనక్కరలేదు. ముసలివారి ప్రక్కన చాపమీద కూర్చుండి, పద్యము చివరి పాదము వరకు వినిపోయెదము.