వెనుక ఆసనపు సుఖము

1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట మాదాపూరు శిలల నడుమ సౌధములు లేచినవి. వాని ముంగిట నేడు విలువైన కార్లు బారులు తీరుచున్నవి. మెర్సిడిస్ ఎస్-క్లాస్ మేలా, బీఎండబ్ల్యూ సెవెన్ సిరీస్ మేలా అనునది పలువురి సందేహము.

2021లో మన దేశమునకు వచ్చిన ఎస్-క్లాస్‌కు ముందు వెనుక చక్రముల నడుమ దూరము 3,216 మిల్లీమీటర్లు. 2023లో వచ్చిన సెవెన్ సిరీస్‌కు 3,215. కొలతలలో భేదము వెదకుట వృథా. రెండింటికిని గాలి సస్పెన్షన్ కలదు. మొదటిది మెత్తదనమును, నిశ్శబ్దమును నమ్ముకొన్నది. రెండవది వెనుక కూర్చున్నవారి యెదుట 31.3 అంగుళముల తెరను దింపగలదు. కునుకు కోరువారికి మొదటిది, వినోదము కోరువారికి రెండవది తగును.

విలువ మాట వేరు. కోటిన్నర దాటిన యిట్టి బండి ధర తొలి మూడు నాలుగేండ్లలోనే బాగుగా దిగజారును. అప్పు చేసి కొన్నవాడు వాయిదాలు కట్టునది నాటి ధరకు. అమ్ముకొనునది నేటి ధరకు. ఉద్యోగము నిలుకడ లేనిచో ఈ వ్యత్యాసమే కుటుంబమునకు భారమగును.

కొనదలచినవారు షోరూము వెలుగులో గాక, సాయంకాలపు రద్దీలో, వృద్ధులైన తలిదండ్రులను వెనుక కూర్చుండబెట్టి బయోడైవర్సిటీ కూడలివరకు పోయి చూడుడు. వారి నడుము చెప్పు తీర్పే తీర్పు.