దారి ఇవ్వడం చిన్నతనం కాదు
(వార్షిక మహాజన సభలో సామాజిక కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ మా కమిటీ బాల్య వివాహాల గురించో, తాగుడు గురించో, ఆడపిల్లల చదువు గురించో మాట్లాడుతుంది. ఈసారి రోడ్డు గురించి మాట్లాడతామంటే కొందరు అక్కలు నవ్వారు. "రోడ్డు సంగతి పోలీసులు చూసుకుంటారు కదమ్మా, మనకెందుకు?" అన్నారు. ఎందుకో ముందు చెబుతాం.

పోయిన మిరప కోతల్లో మన గ్రామ సంఘాల్లో ఒకదానిలో జరిగిందిది. పేర్లు చెప్పం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఒక అక్క పాల క్యాను పట్టుకొని పాల కేంద్రానికి నడిచి పోతోంది. ముదురు రంగు చీర, రోడ్డుకు ఎడమ పక్క, వెనక వచ్చే బండ్లకు వీపు పెట్టి నడక. కాస్త ముందు ఒక పిల్లాడు సైకిల్ మీద పోతున్నాడు. వెనక నుంచి కూలీల ఆటో వచ్చింది. అదే సమయానికి ఎదురుగా ఒక మోటారు సైకిల్ ఫుల్ లైటుతో వచ్చింది. ఆటో నడిపే అబ్బాయికి కళ్లు బైర్లు కమ్మాయి. అయినా వేగం తగ్గించకుండా సైకిల్‌ను దాటిపోదామని చూశాడు. అక్కను గుద్దాడు. ఆమెకు తుంటి ఎముక విరిగింది.

ఆ ఆటో ఎవరిదో కాదు. అదే గ్రామ సంఘంలో మరో సభ్యురాలిది. బ్యాంకు లింకేజీ అప్పుతో కొడుక్కి కొనిచ్చింది. ఆ రోజు ఆటోలో కూర్చున్న కూలీల్లో ఎక్కువమంది మన సభ్యులే. దెబ్బ తిన్నది మనమే, బండి మనదే, బండిలో ఉన్నదీ మనమే. ఇప్పుడు చెప్పండి, ఇది పోలీసుల సంగతా, మన సంగతా?

ఆ తర్వాత ఇంకో విషయం బయటపడింది. ఆటో ఇన్సూరెన్సు అయిపోయి నెల దాటింది. కిస్తీ కట్టాక కడదాంలే అని ఆగారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉంటే దెబ్బ తిన్నవాళ్లకు కంపెనీ నష్టపరిహారం ఇస్తుంది. లేకపోతే ఆ భారం బండి యజమాని మీదే పడుతుంది. ఒక ఇంట్లో నాలుగు నెలలు కూలి లేదు, పాలు అమ్మేవాళ్లు లేరు. ఇంకో ఇంట్లో ఆటో స్టేషన్‌లో ఉంది, కిస్తీ ఆగింది. రెండు గ్రూపులూ మూడు నెలలు ఒకే చాప మీద కూర్చోలేదు. పొదుపు పుస్తకాలు కూడా వేరే వేరే రోజుల్లో రాయించుకున్నారు.

మేము రెండు ఇళ్లకూ వెళ్లాం. మంచం మీదున్న అక్క అంది: "ఒక్క నిమిషం ఆగుంటే సరిపోయేది కదమ్మా." ఆటో వాళ్లమ్మ అంది: "ఆ నిమిషం ఆలస్యమైతే మేస్త్రి కూలి కోస్తాడు. అందరికీ కోస్తాడు. మావాడు ఎలా ఆగుతాడు?" ఇద్దరి మాటా నిజమే. ఆ రాత్రి మేము ఇంటికి వచ్చి చాలాసేపు ఇదే మాట్లాడుకున్నాం.

రోడ్డు మీద మర్యాద అంటే ఏమిటి? బలం ఉన్నవాళ్లు బలం లేనివాళ్లకు దారి ఇవ్వడం. లారీ ఆటోకు, ఆటో సైకిల్‌కు, సైకిల్ నడిచేవాళ్లకు. కానీ మన దగ్గర తలకిందులుగా నడుస్తోంది. పెద్ద బండి హార్న్ కొడితే చిన్నవాళ్లు తప్పుకోవాలి. హార్న్ ఉన్నది "నేను వస్తున్నా, చూసుకో" అని చెప్పడానికి. "అడ్డు లే" అని గదమాయించడానికి కాదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 32 వేల మందికి పైగా నడిచి పోయేవాళ్లే. వాళ్లకు ఇనుప రేకు అడ్డం లేదు, హెల్మెట్ లేదు. వాళ్లకు రక్షణ ఎదుటివాళ్ల ఓపిక ఒక్కటే.

ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం అయిపోతుంది. 30తో పోతే అందులో సగమే. అందుకే ఊరు వచ్చిందంటే వేగం తగ్గించాలి. బడి దగ్గర, పాల కేంద్రం దగ్గర, బస్సు ఆగిన చోట ఇంకా తగ్గించాలి. ఆగిన బస్సు ముందు నుంచి ఎవరో ఒకరు రోడ్డు దాటుతారు. ఎక్కువగా దాటేది మన పిల్లలే.

2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం సిగ్నల్ లేని జీబ్రా గీతల దగ్గర నడిచేవాళ్లకే ముందు దారి. మన ఊళ్లలో చాలాచోట్ల ఆ గీతలే లేవు. గీత లేనంత మాత్రాన మర్యాద లేకుండా పోదు కదా.

ఇప్పుడు మన తప్పులు కూడా మనం చెప్పుకుందాం. ఎదుటివాళ్లను అనడం తేలిక.

నడిచేటప్పుడు ఎడమ పక్క నడుస్తున్నాం. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్క నడవాలి. అప్పుడు ఎదురుగా వచ్చే బండి మన కంటికి కనిపిస్తుంది. నలుగురం కలిస్తే వరసగా రోడ్డంతా పరుచుకొని కబుర్లు చెప్పుకుంటూ పోతాం. చీకట్లో పోయేటప్పుడు లేత రంగు తుండైనా భుజాన వేసుకోవాలి, చేతిలో టార్చి ఉండాలి.

రోడ్డు మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోస్తాం. చుట్టూ రాళ్లు పెడతాం. ధాన్యం ఎత్తుకుపోతాం, రాళ్లు అక్కడే వదిలేస్తాం. రాత్రి వచ్చే సైకిల్ పిల్లాడికి ఆ రాయి కనిపించదు. కళ్లం లేకపోవడం మన కష్టమే. కానీ రాయి తీయకపోవడం మన బద్ధకం.

స్కూటీ కొనుక్కున్న చెల్లెళ్లకు ఒక మాట. మొన్నటిదాకా మనమూ నడిచినవాళ్లమే. బండెక్కగానే నడిచే ముసలమ్మ మీద విసుక్కుంటున్నాం. ఎదురు బండి వస్తే లైటు డిమ్ చేయండి. సైకిల్‌ను దాటేటప్పుడు బారెడు జాగా వదలండి. గుంట వస్తే సైకిల్ పక్కకు తిరుగుతుంది, అది వాళ్ల తప్పు కాదు. పద్దెనిమిది నిండని పిల్లలకు బండి తాళం ఇవ్వకండి. 2019 సవరణ చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు.

ఇంకొకటి. ఆ రోజు ఆటోలో ఒకామె 108కి ఫోన్ చేయబోతే "కేసులో ఇరుక్కుంటావు" అని పక్కవాళ్లు చెయ్యి పట్టుకున్నారట. అదే 2019 చట్టంలో 134ఎ సెక్షను ఉంది. దెబ్బ తిన్నవాళ్లకు మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఆమె చెయ్యి విదిలించుకొని ఫోన్ చేసింది. ఈ సభలోనే కూర్చుని ఉంది. ఆమెకు మా నమస్కారం.

అమ్మా, మర్యాదకు ఖర్చు ఉంటుంది. నిమిషం ఆగితే కూలి పోతుందంటే ఎవరూ ఆగరు. అందుకే మా కమిటీ రైతులతో, మేస్త్రీలతో కూర్చుని మాట్లాడింది. పావుగంట ఆలస్యమైతే కూలి కోయకూడదని అడిగాం. కొందరు ఒప్పుకున్నారు, కొందరు ఇంకా ఒప్పుకోలేదు. ఈ ఏడాది కోతలు మొదలయ్యేలోపు మిగతావాళ్లనూ అడుగుతాం. ప్రతి గ్రామ సంఘం మాతో రావాలి.

ఈ సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, బండికి అప్పు ఇచ్చిన ప్రతి గ్రూపూ ఇన్సూరెన్సు తేదీని మినిట్స్ పుస్తకంలో రాసి, నెల ముందే గుర్తు చేయాలి. రెండు, ఆటోలో ఎంతమందికి అనుమతి ఉందో అంతమందే ఎక్కాలి. ఎక్కువైతే మనమే దిగాలి. మూడు, రోడ్డు మీద ఆరబోసినవాళ్లు అదే రోజు రాళ్లు తీసేయాలి.

ఆ ఇద్దరు అక్కలూ ఇప్పటికీ సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. అబద్ధం చెప్పడం దేనికి. కానీ పోయిన నెల సమావేశానికి ఆ అక్క చేతికర్రతో రోడ్డు దాటుతుంటే, ఆ ఆటో దూరంలోనే ఆగింది. హార్న్ కొట్టలేదు. ఆమె ఇటు పక్కకు వచ్చేదాకా ఆ అబ్బాయి ఆటో కదిలించలేదు. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసి, లోపలికి వచ్చి కూర్చుంది. మేమందరం కిటికీలోంచి చూశాం.

 ఇంటికి పోయేటప్పుడు కుడి పక్కనే నడవండి.